వాల్తేరు ఇసుక పనితనం

ప్రపంచంలో అతి చిన్న సముద్ర దోసకాయగా జంతుశాస్త్ర గ్రంథాలు పేర్కొనే జీవి వాల్తేరు ఇసుకలో దొరికింది. దాని పొడవు 4 మిల్లీమీటర్లకు మించదు. 1968లో జి. చంద్రశేఖరరావు దాన్ని లోకానికి పరిచయం చేస్తూ శాస్త్రీయ వర్ణన రాశారు. అప్పటికి తెలిసిన ఏ ప్రజాతిలోనూ అది ఇమడలేదు. అందుకని జాతికే కాదు, ప్రజాతికీ కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది. ఆ పేరు సామోథూరియా గణపతీ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రానికి పునాది వేసిన ఆచార్య పి.ఎన్. గణపతి గౌరవార్థం పెట్టిన పేరది. మన ఊరి ఇసుక, మన ఊరి ఆచార్యుడి పేరు, ప్రపంచంలోకెల్లా చిన్నదన్న ఖ్యాతి. ఇన్ని ఉన్నా ఈ ప్రాణి గురించి విశాఖలో మాట్లాడుకోగా నేను విన్నది తక్కువ.

అదే ఇసుక మీద, అలల గీతకు కాస్త ఎగువన, ఇంకో జీవి ఉంటుంది. దాన్ని చూడనివాళ్ళు విశాఖలో ఉండరు. బాలబంద తీగ. మేక గిట్టలా రెండుగా చీలిన దళసరి ఆకులు, పొద్దున్నే విచ్చుకునే ఊదారంగు గరాటు పువ్వులు. సాగర్‌నగర్ నుంచి భీమిలి దాకా, ఇటు యారాడ, అప్పికొండ వైపు, ఇసుక కాస్త నెమ్మదిగా ఉన్న ప్రతిచోటా పాకి ఉంటుంది. 1753లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. ఇప్పుడు వృక్షశాస్త్రంలో దాని పేరు ఐపోమియా పెస్‌-కాప్రే. ఒకటి జంతువు, ఒకటి మొక్క. ఒకటి కంటికి ఆనీ ఆననిది, ఒకటి గజాల కొద్దీ పాకేది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకెందుకు అనిపించిందంటే, ఇద్దరి ముడిసరుకూ ఒకటే, ఇద్దరికీ ఎదురైన ఇబ్బందీ ఒకటే. నిలకడలేని ఇసుకలో నిలదొక్కుకోవడం ఎలా అన్నది ఆ ఇబ్బంది. ఇద్దరూ కనిపెట్టిన మార్గం కూడా ఒకటే అని నా నమ్మకం. తమ వంశంలో తరతరాలుగా వస్తున్న సామగ్రిలో సగం వదిలేసి, మిగిలిన సగాన్ని ఎంతో నేర్పుగా వాడుకోవడం ఆ మార్గం.

ముందు ఆ ఇసుక సంగతి తెలియాలి. తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్ళు ఎండకీ వానకీ అరిగి, వాగుల్లో దిగి, సముద్రం చేత రుబ్బించుకుని వచ్చిన ఇసుక ఇది. అందుకే తెల్లటి క్వార్ట్జ్ రేణువుల మధ్య ఎర్రటి గార్నెట్, నల్లటి ఇల్మెనైట్ చారలు కనిపిస్తాయి. ఇది ఒక్కచోట ఉండదు. నైరుతి రుతుపవనాల అలలు దీన్ని తీరం వెంబడి ఉత్తరానికి తోస్తాయి, చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది, లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1933 అక్టోబరు 7న జలదుర్గ నౌక రాకతో తెరుచుకున్న విశాఖ రేవుకి మొదటినుంచీ ఇసుకతోనే పోరు. ప్రవాహాన్ని అడ్డుకోడానికి డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని ఆ రోజుల్లో కావాలనే ముంచారు. 1950ల్లో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్, ఇక్కడి పరిశోధకులతో కలిసి, వాల్తేరు తీరం ఏ రుతువులో కోసుకుపోతుందో, ఏ రుతువులో పూడుతుందో కొలిచి రాశాడు. ఇన్ని దశాబ్దాలుగా డ్రెడ్జర్లు తవ్వుతూనే ఉన్నాయి, తవ్విన ఇసుకని బీచ్‌కి పోస్తూనే ఉన్నారు. ఓడలు, గోడలు, యంత్రాలు అన్నీ కలిసినా లొంగని ఇసుకలో మన ఇద్దరు పనివాళ్ళ కాపురం.

ఇసుక రేణువుల మధ్య నీళ్ళు నిండిన సందులుంటాయి. ఆ సందుల్లో ఒక జంతుప్రపంచం ఉందని 1920ల్లో జర్మనీలో అడాల్ఫ్ రెమానే పనితో బయటపడింది. మన దేశంలో ఆ ప్రపంచాన్ని శ్రద్ధగా వెతికిన తొలి చోట్లలో వాల్తేరు ఒకటి. 1962లో గణపతి, చంద్రశేఖరరావు కలిసి ఈ తీరపు ఇసుక సందుల్లోని జీవుల ఆవరణశాస్త్రం మీద వ్యాసం ప్రచురించారు. మనం తుండుగుడ్డ పరుచుకుని కూర్చునే చోట, పల్లీలవాడు నడిచిపోయే చోట, చారెడు ఇసుకలో ఎన్నెన్ని రకాల ప్రాణులున్నాయో ఓపిగ్గా కడిగి, వడకట్టి, సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టిన పని అది. ఆ ఓపికకి ఆరేళ్ళ తర్వాత అందిన ఫలం ఈ 4 మిల్లీమీటర్ల సముద్ర దోసకాయ.

సముద్ర దోసకాయ అనగానే జాలర్లకి గుర్తొచ్చేది అడుగున మొద్దులా పడి ఉండే, జానెడు మూరెడు పొడవున్న తోలు శరీరం. దాని బంధువులు సముద్ర నక్షత్రాలు, సీ అర్చిన్లు. ఈ కులానికంతటికీ ఐదు అంకె మీద నమ్మకం. నక్షత్రానికి ఐదు చేతులు, అర్చిన్ గుల్ల మీద ఐదు వరసలు. సముద్ర దోసకాయ ఆ ఐదుని వదలకుండానే పక్కకి ఒరిగి పడుకుంది. నోరు పైకో కిందికో ఉండాల్సింది, ముందుకి వచ్చింది. ఐదు వరసలూ ఒంటి పొడవునా సాగాయి. బంధువులు కవచాలు కట్టుకుంటే ఇది తన ఎముకల సామగ్రిని పొడిపొడి చేసి, కంటికి ఆనని సున్నపు ముక్కలుగా చర్మంలో చల్లుకుంది.

సామోథూరియా పుట్టింది సినాప్టిడే అనే కుటుంబంలో. ఈ కుటుంబం వదులుకోవడంలో ఇంకా దూరం వెళ్ళింది. మిగతా సముద్ర దోసకాయలు నడిచేది వందల కొద్దీ నాళపాదాలతో. నీటి ఒత్తిడితో సాగి ముడుచుకునే ఆ చిన్న పాదాల్ని ఈ కుటుంబం పూర్తిగా తీసేసింది. మిగతావాటికి లోపల చెట్టుకొమ్మల్లా విస్తరించిన శ్వాసవృక్షాలుంటాయి, వెనక ద్వారం గుండా నీళ్ళు పీల్చి ఊపిరి తీసుకుంటాయి. ఈ కుటుంబం వాటినీ తీసేసింది. చర్మాన్ని పలచన చేసుకుంది. ఆ పలచని చర్మమే ఊపిరితిత్తి. ఒళ్ళంతా దాదాపు పారదర్శకం. మిగిలిందల్లా నోటి చుట్టూ స్పర్శకాలు, ఒక పేగు, లోపలంతా ద్రవం, ఒంటి పొడవునా సాగిన ఐదు కండరాల పట్టీలు, వాటి బయట చుట్టూ అల్లుకున్న వలయ కండరాల పొర.

ఇంత తక్కువతో పని ఎలా జరుగుతుంది? లోపలి ద్రవం నలగదు, దాని పరిమాణం మారదు. వలయ కండరాలు బిగిస్తే ఒళ్ళు సన్నబడి ముందుకు సాగుతుంది. పొడవు పట్టీలు బిగిస్తే పొట్టిబడి లావెక్కుతుంది. ఒకచోట సన్నబడి సందులోకి దూరడం, ఇంకోచోట లావెక్కి రేణువులకి ఆనుకుని ఆగడం, మళ్ళీ సన్నబడటం. ఎముక లేదు, కీలు లేదు, కాలు లేదు. అయినా దిక్కు తప్పదు. ఈ వర్గపు జీవులకి తలవైపు, నాడుల మొదట్లో, ఏది పైనో ఏది కిందో చెప్పే అతి చిన్న సమతుల్యతా కోశాలుంటాయి. వెలుతురు లేని చోట, ప్రతి అలకీ ఇల్లు తిరగబడే చోట, కళ్ళకంటే ఈ ఒక్క పరికరం మేలు. అన్నిటినీ వదిలేసిన కుటుంబం దీన్ని మాత్రం ఎందుకు దాచుకుందో ఆ అల దగ్గర నిలబడి ఆలోచిస్తే అర్థమవుతుంది.

ఈ కుటుంబంలో చాలా జాతుల చర్మంలో ఉండే సున్నపు ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే ఏ కంసాలి పనో అనిపిస్తుంది. ఓడ లంగరు ఎలా ఉంటుందో అలాంటి లంగరు, దాని కింద కన్నాలు కన్నాలుగా ఉన్న అచ్చుపలక, ఒక్కో లంగరుకి ఒక్కో పలక. ఒళ్ళు ఉబ్బినచోట లంగరు కొనలు చర్మంలోంచి పొడుచుకొచ్చి నేలకో వేలికో తగులుకుంటాయి, ఒళ్ళు సన్నబడితే పట్టు వదులుతాయి. పట్టుకోవడానికి వేరే కండరం అక్కర్లేదు. సముద్ర దోసకాయ జాతుల్ని గుర్తుపట్టడానికి శాస్త్రజ్ఞులు మొదట చూసేది ఇలాంటి ముక్కలనే. చిన్న చర్మపు తునకని క్లోరిన్ ద్రావణంలో కరిగించి, అడుగున మిగిలిన వాటి ఆకారం బట్టి పేరు తేలుస్తారు.

ఇదే కుటుంబంలో సినాప్టా మాక్యులేటా అనే జాతి ఉంది. హిందూ మహాసముద్రపు పగడపు దిబ్బల్లో, సముద్రపు గడ్డి మైదానాల్లో పాములా పడి ఉంటుంది. సముద్ర దోసకాయలన్నిట్లోకీ పొడవైనది, 3 మీటర్ల దాకా సాగుతుంది. అతి పొడవైనదీ అతి చిన్నదీ ఒకే ఇంటివాళ్ళు. 3 మీటర్ల శరీరాన్ని నడిపే నమూనాని 4 మిల్లీమీటర్లకి కుదించినా అది పనిచేస్తోందంటే, ఆ నమూనా ఎంత సమర్థమైనదో వేరే చెప్పనక్కర్లేదు. ఒక మోస్తరు ఇసుక రేణువు అర మిల్లీమీటరు లోపు ఉంటుంది. అంటే సామోథూరియా పూర్తిగా ఎదిగినా పది రేణువుల వరసంత. ఆ పది రేణువుల పొడవులో నోరు, పేగు, నాడులు, కండరాలు, సంతానానికి కావలసిన అవయవాలు అన్నీ ఉన్నాయి. ఈ విషయం రాస్తున్నప్పుడు కూడా నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

ఇక పైకి వద్దాం, తీగ దగ్గరికి.

బాలబంద తీగ బంధువుల్లో చాలామంది చుట్టుకునే జాతివాళ్ళు. పెరట్లో దడికి ఎగబాకే కాశీరత్నం తెలుసు కదా, అదీ ఈ ప్రజాతిదే. చుట్టుకోడానికి ఆధారం ఉంటే చాలు, ఆ తీగలు ఎంత ఎత్తయినా పోతాయి. సముద్రపు ఒడ్డున ఆధారం ఎక్కడిది? ఒకవేళ ఏదో ఒకటి దొరికి పైకి లేచినా ఉప్పుగాలి కొట్టి పారేస్తుంది. ఈ తీగ చుట్టుకోవడం మానేసి నేలకి ఒరిగింది. సముద్ర దోసకాయ ఎక్కడ ఒరిగిందో ఈ తీగ కూడా అక్కడే ఒరిగింది అనాలనిపిస్తుంది, రెంటి మధ్యా కోట్ల ఏళ్ళ దూరం ఉన్నా.

ఒరిగాక చేసిన పనిలో ఉంది అసలు నేర్పు. తీగ పాకుతూ పోతుంటే ప్రతి కణుపు దగ్గరా ఒక ఆకు పైకి లేస్తుంది, అదే కణుపు నుంచి వేళ్ళు కిందికి దిగుతాయి. ఇసుక గుడ్డ మీద టాకాలు వేసుకుంటూ పోయినట్టు, కణుపుకో టాకా. ఒకచోట అల వచ్చి తీగని తెంపినా తెగిన రెండు ముక్కలకీ వేళ్ళున్నాయి, రెండూ బతుకుతాయి. ఇసుక వచ్చి కప్పేస్తే కప్పిన చోటే కొత్త వేళ్ళు వేసి కొస పైకి తీస్తుంది. గాలికి ఎగిరొచ్చిన రేణువులు ఆకుల మధ్య వేగం తగ్గి జారిపడతాయి, అలా పడి పడి చిన్న దిబ్బ అవుతుంది. దిబ్బ పెరిగే కొద్దీ తీగా దాని మీదికి పెరుగుతుంది. ఇలా ఒక్కో తీగ 10, 20 మీటర్లు, ఇంకా ఎక్కువ కూడా పోతుంది. పక్కనే రావణాసురుని మీసాలు అని మనవాళ్ళు పిలుచుకునే ముళ్ళగడ్డి కూడా ఇదే పని చేస్తుంది కానీ, పనిలో సొంపు మాత్రం తీగదే.

ఆకు చూడండి. మందం, నునుపు, నీళ్ళు దాచుకున్న బరువు. తుంచితే పాలు కారతాయి. ఆకు కాడ ఆకుని కలిసేచోట రెండు చిన్న తేనె గ్రంథులుంటాయి. పువ్వుకి సంబంధం లేని తేనె అది. దానికోసం చీమలు తిరుగుతుంటాయి, చీమలు తిరిగేచోట ఆకు తినే పురుగు నిలవదు. కాపలావాళ్ళకి జీతం అక్కడే, పని చేసేచోటే చెల్లిస్తోంది తీగ.

పువ్వు దగ్గర ఆ ఐదు మళ్ళీ వస్తుంది. ఐదు రక్షక పత్రాలు, ఐదు రేకులు కలిసి ఒకే గరాటు, లోపల ఐదు కేసరాలు. మొగ్గగా ఉన్నప్పుడు గరాటుని ఎలా మడిచి పెట్టిందో గమనించాలి. ప్రతి రేకుకీ నడిమిన కాస్త దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. ఆ ఐదు పట్టీలూ బయటికి కనిపిస్తూ, వాటి మధ్య పలచని భాగమంతా లోపలికి మడత పడి, మొత్తం మెలితిరిగి ఉంటుంది. తెల్లవారేసరికి మెలి విప్పుకుని పట్టీలు ఐదు చువ్వల్లా గరాటుని తెరిచి పట్టుకుంటాయి. ఎండ ముదిరేసరికి పని అయిపోతుంది, రేకు లోపలికి ముడుచుకుంటుంది. ఉన్న ఆ కొద్ది గంటల్లో తుమ్మెదలు, తేనెటీగలు గరాటు అడుగుకి దిగి వెళ్తాయి. కేసరాల మొదట్లో ఉన్న నూగు, అర్హత లేని చిన్న పురుగుల్ని తేనె దాకా పోనివ్వదు. పుప్పొడి రేణువు గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో, తుమ్మెద నూగుకి తగులుకునేలా తయారైంది. తన పుప్పొడితో తను ఫలదీకరణం చెందని జాతి ఇది, కనుక ఒక తీగనుంచి ఇంకో తీగకి ఎవరో ఒకరు మోసుకెళ్ళక తప్పదు. పుష్పాల పరాగ సంపర్కం మీద మన దేశంలో లోతైన పని చేసిన కేంద్రాల్లో ఒకటి ఆంధ్ర విశ్వవిద్యాలయమే. సి. సుబ్బారెడ్డి, ఆయన తర్వాత ఎ.జె. సోలమన్‌రాజు ఈ కొండల్లో, ఈ తీరంలో ఏళ్ళ తరబడి పువ్వుల దగ్గర కాపు కాశారు.

సముద్ర దోసకాయకి ఐదు కండరాల పట్టీలు, పువ్వుకి ఐదు రేకు పట్టీలు. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నవి కావు. ఒకటి ముడుచుకుంటూ సాగుతూ బతుకంతా కదలడానికి ఆ ఐదుని వాడుకుంది, ఒకటి ఒక్క ఉదయం తెరుచుకోవడానికి వాడుకుంది. ఈ పోలికలో రహస్యమేదో ఉందని నేను చెప్పను. కానీ రెండు చోట్లా పట్టీలకీ వాటి మధ్య పలచని చోటుకీ మధ్య పనిని పంచిన తీరు చూస్తే మాత్రం చేయెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

కాయలో 4 గింజల దాకా ఉంటాయి, గోధుమరంగు నూగుతో. గింజ లోపల ముడతలు పడిన బీజదళాల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది, అందువల్ల నీళ్ళమీద తేలుతుంది. పెంకు ఎంత గట్టిదంటే నెలల తరబడి ఉప్పునీళ్ళలో ఉన్నా లోపలికి చుక్క దిగదు. మరి మొలకెత్తడం ఎలా? ఒడ్డుకి చేరాక ఇసుక రాపిడికి పెంకు అరగాలి. అంటే ఏ ఇసుకని పట్టుకోవడానికి పుట్టిందో, ఆ ఇసుకే దాని తలుపు తీయాలి. ఇలా తేలుతూ ఈ జాతి ఉష్ణమండలపు తీరాలన్నిటికీ చేరింది. దీని రెండు ఉపజాతుల్లో హిందూ మహాసముద్రానిది ఒకటి, మిగతా ప్రపంచానిది ఇంకొకటి. సముద్రాల మీదుగా తేలిపోయే గింజలే దూర దూర తీరాల తీగల మధ్య చుట్టరికాన్ని నిలబెడుతున్నాయని 2014లో జన్యు పరిశోధనలు కూడా చూపించాయి.

ఇక్కడే ఇద్దరి దారులూ విడిపోతాయి. ఇసుక సందుల జీవుల్లో చాలావాటికి సముద్రంలో తేలిపోయే పిల్లల దశ ఉండదు. గుడ్లు కొద్దిగా పెట్టి, పుట్టినచోటే బతుకుతాయి. తీగ ప్రపంచమంతా తిరిగి ఎక్కడ ఆగితే అక్కడ కుట్టుకుపోతుంది. నాకు ఇద్దరి పనీ ఇష్టమే. కానీ ఎవరిది గొప్ప అని నన్ను అడిగితే, ఇసుక లోపలి ప్రాణికే ఓటు వేస్తాను. తీగకి ఎండ ఉంది, చీమలున్నాయి, తుమ్మెదలున్నాయి, అలలు కూడా చాకిరీ చేస్తాయి. లోపలి జీవి తన ఒంటిని తప్ప దేన్నీ నమ్ముకోలేదు.

ఈ రెండు ప్రపంచాల సామగ్రి ఒకచోట కలిసిన సందర్భం కూడా ఒకటుంది. సముద్ర దోసకాయల చర్మం కొద్ది క్షణాల్లో మెత్తదనం నుంచి గట్టిదనానికి, మళ్ళీ వెనక్కి మారగలదు. అందులోని కొల్లాజెన్ పోగులు విడివిడిగా ఉంటాయి. నాడుల ఆజ్ఞతో విడుదలయ్యే ప్రోటీన్లు వాటిని ఒకదానితో ఒకటి బంధిస్తే చర్మం బిగుసుకుంటుంది, బంధం విడితే జారుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల్లో వెయ్యి డిగ్రీలు దాటిన వేడి మీద గానీ ఇనుము మన మాట వినదు. ఈ చర్మం చల్లటి సముద్రపు నీళ్ళలో, నిప్పు లేకుండా, తనంత తానుగా గట్టిపడుతుంది. 2008లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ సూత్రంతో ఒక కొత్త పదార్థం తయారుచేశారు. పొడిగా ఉంటే గట్టిది, తడిస్తే మెత్తనిది. మెదడులో అమర్చే ఎలక్ట్రోడ్లు లోపలికి వెళ్ళేటప్పుడు గట్టిగా, వెళ్ళాక మెత్తగా ఉండాలన్నది వాళ్ళ లక్ష్యం. కొల్లాజెన్ పోగుల బదులు వాళ్ళు వాడింది సెల్యులోజ్ పోగులు. మొదట వాటిని ఒక సముద్ర జీవి నుంచే తీశారు కానీ, సెల్యులోజ్ అంటే మొక్కల కణాల గోడల్ని కట్టే పదార్థమే, మన తీగ కాడని నిలబెట్టేదీ అదే. సముద్ర దోసకాయ ఉపాయం, మొక్కల నార. ఆ జత కుదిరింది.

2001లో మన దేశం సముద్ర దోసకాయలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. విదేశాల విందుల కోసం పెద్ద జాతుల్ని విచ్చలవిడిగా పట్టడం ఆపడానికి చేసిన పని. ‘అన్నీ’ అన్నాక చిన్నదీ చేరుతుంది. కాబట్టి వాల్తేరు ఇసుకలోని 4 మిల్లీమీటర్ల జీవికి చట్టంలో పులితో సమానమైన వరస దక్కింది. పైనున్న తీగకి అలాంటి రక్షణ లేదు. బీచ్‌ని అందంగా తయారుచేయాలనుకున్న ప్రతిసారీ మొదట పీకి పారేసేది దాన్నే, ఆ తర్వాత ఇసుక కోసుకుపోతోందని రాళ్ళు పోసేదీ మనమే. తీగని వదిలేసి, దాని చుట్టూ బెంచీలు వేసుకోవచ్చు. మొక్కలు నాటాలనుకునే సంఘాలు సరుగుడు మొక్కల కంటే ముందు ఈ తీగ ముక్కలు నాలుగు తెచ్చి, కణుపులు ఇసుకలోకి దిగేలా పాతిపెడితే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది.

తీగ పువ్వుల్ని చూడాలంటే ఎండెక్కకముందే వెళ్ళాలి. ఇసుక జీవుల్ని చూడటం కూడా అందని పని కాదు. అలల గీత దగ్గర చారెడు తడి ఇసుక, ఒక బకెట్, మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్ళు, సన్నని కన్నాల జల్లెడ, కళాశాలలో ఉండే మామూలు సూక్ష్మదర్శిని ఉంటే సరిపోతుంది. ఆ నీళ్ళకి జీవులు మత్తెక్కి రేణువుల మీద పట్టు వదులుతాయి, జల్లెడలో తేలతాయి. సామోథూరియా మొదటి బకెట్‌లోనే దొరుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. దాని ఇరుగుపొరుగు మాత్రం తప్పకుండా కనిపిస్తారు. విశాఖలో జీవశాస్త్రం చదివే పిల్లలకి పుస్తకంలోని బొమ్మకంటే ముందు ఆ బకెట్‌ని చూపించాలి.